చిన్న చక్రాల పెద్ద ఇంజనీరు: సర్ అలెక్ ఇస్సిగోనిస్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి, సంఘ సంస్కర్తల గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో ఎందరో ఉన్నారు. నా ఉద్యోగ జీవితమంతా మోటారు వర్క్‌షాపులో గడిచింది. స్టీరింగులు, ఇరుసులు, చక్రాలు తప్ప నాకు వేరే శాస్త్రం తెలియదు. కనుక చక్రాన్ని నమ్ముకుని లోకప్రసిద్ధుడైన ఒక ఇంజనీరు జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ఆయన సర్ అలెక్ ఇస్సిగోనిస్. మోరిస్ మైనర్, మినీ అనే రెండు కార్లకు రూపమిచ్చిన మనిషి.

ఈ పేరు మన కుటుంబాలలో కొందరికి కొత్తగా తోచవచ్చు. కానీ ఆయన పనితనం మనకు తెలియనిది కాదు. ఆఫీసర్ల వెంట క్యాంపులకు, బంధువుల వెంట పెళ్లిళ్లకు మనం ఎక్కి తిరిగిన అంబాసిడర్ కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకు మన దేశపు రూపం. ముందు చక్రాలకు స్ప్రింగు బదులు మెలితిరిగి బరువు మోసే టార్షన్ బార్లు, పళ్ల కడ్డీ మీద చిన్న పళ్ల చక్రం నడిచే ర్యాక్ అండ్ పీనియన్ స్టీరింగు, ఈ రెండూ 1948లో వచ్చిన మోరిస్ మైనర్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కార్లలో ఇస్సిగోనిస్ పెట్టించినవే. ఆ ఏర్పాటే తరువాతి ఆక్స్‌ఫర్డ్ కార్ల మీదుగా మన అంబాసిడర్ దాకా నడిచి వచ్చింది.

కారు గొప్పతనం అనగానే ఎవరైనా ఇంజను గురించి అడుగుతారు. ఇస్సిగోనిస్ జీవితం చెప్పే పాఠం వేరు. ఇంజను ఎంత బలమైనదైనా, ఆ బలం రోడ్డుకు అందేది నాలుగు టైర్లు నేలను తాకే చోట, ఒక్కొక్కటి ఇంచుమించు మన అరచేతి అంత జాగాలో. ఆ నాలుగు అరచేతులు నేలను ఎలా పట్టుకుంటాయన్నదే కారు నడవడి. చక్రం ఎంతది, ఎక్కడ ఉంది, ఎటు వాలి ఉంది అనే మూడు ప్రశ్నలకు ఆయన జీవితమంతా జవాబు వెతికారు.

స్మిర్నా నుంచి లండనుకు

అలెక్ 1906 నవంబరు 18న, అప్పటి ఒట్టోమన్ సామ్రాజ్యంలోని స్మిర్నా రేవు పట్టణంలో జన్మించారు. ఇప్పుడు ఆ ఊరు టర్కీలో ఇజ్మీర్ పేరుతో ఉంది. తండ్రి కాన్‌స్టంటైన్ గ్రీకు వంశీకుడు, అయితే బ్రిటిషు పౌరుడు. ఓడల ఇంజన్ల పని చేసే వర్క్‌షాపు ఆయనది. తల్లి హుల్డాగారిది జర్మన్ వంశం. మరలు, ఆవిరి, నూనె వాసన ఆ పిల్లవాడికి ఉగ్గుపాలతోనే అబ్బాయి.

1922లో గ్రీకు, టర్కీ సైన్యాల యుద్ధం ముగింపుకు వచ్చి, స్మిర్నా చేతులు మారింది. పట్టణం తగలబడింది. బ్రిటిషు పౌరులు కనుక ఇస్సిగోనిస్ కుటుంబాన్ని నౌకాదళం వారు మాల్టా ద్వీపానికి చేర్చారు. ఇల్లు, వర్క్‌షాపు, ఆస్తి అన్నీ వెనకనే ఉండిపోయాయి. కొద్దికాలానికే తండ్రి కన్నుమూశారు. 1923లో తల్లీ కొడుకులు ఇద్దరే ఇంగ్లండు చేరారు. అప్పటినుంచి ఆ తల్లి 1972లో మరణించేవరకు వారిద్దరిదీ ఒకే కుటుంబం. ఆయన వివాహం చేసుకోలేదు.

లండనులోని బ్యాటర్సీ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగు చదివారు. డ్రాయింగులో చేయి తిరిగినవాడు గానీ గణితంలో మూడుసార్లు తప్పారు. డిగ్రీ సంగతి వదులుకుని డిప్లొమాతో బయటపడ్డారు. గణితం మీద ఆయనకు ఆ కినుక చివరిదాకా పోలేదు. లెక్కల కంటే ముందు బొమ్మ గీయాలి, బొమ్మ సరిగా ఉంటే లెక్క దాని వెనక వస్తుందనేది ఆయన పద్ధతి. పిల్లల మార్కులు చూసి దిగులుపడే తల్లిదండ్రులకు ఈ ముక్క చెప్పడం మంచిదని వ్రాస్తున్నాను. అంతేగానీ లెక్కలు మానమని నా ఉద్దేశం కాదు. ఆయన గీసిన బొమ్మలను లెక్కకట్టి పనికి తెచ్చిన సహచరులు ఎప్పుడూ ఆయన పక్కనే ఉన్నారు. వారిలో జాక్ డేనియల్స్ అనే ఆయన ముఖ్యుడు.

ప్లైవుడ్డు రేసు కారు

1928లో లండనులో గేర్లకు సంబంధించిన ఒక చిన్న సంస్థలో చేరి, 1934లో కవెంట్రీలోని హంబర్ కంపెనీకి, 1936లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కౌలీలో ఉన్న మోరిస్ మోటార్స్‌కు మారారు. పగలు కంపెనీ పని, సాయంత్రాలు, సెలవుదినాలు సొంత పని. ఆ సొంత పని ఒక రేసు కారు. జార్జ్ డౌసన్ అనే మిత్రునితో కలిసి, పెద్ద యంత్రాలేవీ లేకుండా, చేతి పనిముట్లతోనే కొన్నేళ్లపాటు శ్రమించి తయారుచేశారు. దానికి లైట్‌వెయిట్ స్పెషల్ అని పేరు పెట్టారు. అంటే తేలికైన కారు అని.

దాని ఇంజను ఆస్టిన్ సెవెన్ అనే చిన్న కారుది. పక్కలకు ప్లైవుడ్డు, దానికి అతికించిన అల్యూమినియం రేకు. అడుగున వేరే ఛాసిస్ లేకుండా ఆ పక్కలే బరువు మోసేవి. స్ప్రింగులుగా రబ్బరు వాడారు. ఇంగ్లండులో కొండదారి మీద గడియారం పెట్టి ఒక్కొక్క కారును పరుగెత్తించే పోటీలు ఉంటాయి. వాటిలో ఆ చిన్న కారు తనకంటే ఖరీదైన కార్ల సరసన నిలబడింది. ఇంజను బలం పెంచలేని బీద ఇంజనీరు బరువు తగ్గించి, చక్రాలను నేల వదలకుండా ఉంచి నెగ్గవచ్చునని ఆ కారు ఆయనకు నేర్పింది.

ఇక్కడ ఒక సంగతి వివరించాలి. కారు బరువులో స్ప్రింగుల పైన ఉండే భాగం ఒకటి, స్ప్రింగుల కింద ఉండే చక్రాలు, బ్రేకులు, ఇరుసు కొసలు మరొకటి. గతుకు వచ్చినప్పుడు చక్రం పైకి ఎగిరి మళ్లీ నేలకు దిగాలి. చక్రం బరువైనదైతే ఎగిరిన తరువాత దిగడానికి ఆలస్యం చేస్తుంది. గాలిలో ఉన్నంతసేపు దానికి పట్టు ఉండదు, అంటే మలుపు తిరగడానికి గానీ బ్రేకుకు గానీ అది పనికిరాదు. చిన్న చక్రం తేలిక కనుక వెంటనే నేలను అందుకుంటుంది. అయితే చిన్న చక్రానికి ఒక లోపం ఉంది. మన ఎడ్లబండి చక్రం అంత ఎత్తున ఎందుకు ఉండేదో పల్లెటూరి వారికి తెలుసు. పెద్ద చక్రం గోతి మీదుగా దొర్లిపోతుంది, చిన్న చక్రం గోతిలో పడుతుంది. ఈ రెంటి మధ్య రాజీ కుదర్చడమే చక్రం కొలత నిర్ణయించడమంటే.

వీల్ అలైన్‌మెంటు అంటే ఏమిటి

మోరిస్‌లో ఇస్సిగోనిస్‌కు అప్పగించిన పని ముందు చక్రాల సస్పెన్షన్, స్టీరింగు. ఆ రోజుల్లో చాలా ఇంగ్లీషు కార్లకు ముందువైపు కూడా ఒకే మొద్దు ఇరుసు, పట్టీ స్ప్రింగులు ఉండేవి. ఒక చక్రం గతుకులో పడితే ఇరుసు మొత్తం వాలి, రెండో చక్రం కూడా ఒరిగేది. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలితే ఒకదాని కష్టం ఇంకొకదానికి అంటదు. కానీ విడిగా కదిలే చక్రం కదిలిన ప్రతిసారీ ఏ కోణంలో ఉండాలో డిజైనరే నిర్ణయించాలి. ఆ కోణాల లెక్కనే మనం వీల్ అలైన్‌మెంటు అంటున్నాము.

అందులో ముఖ్యమైనవి మూడు. కారు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం బయటికి వాలితే పాజిటివ్ కాంబర్, లోపలికి వాలితే నెగటివ్ కాంబర్. పక్కనుంచి చూసినప్పుడు చక్రం తిరిగే కీలు గీత వెనక్కి వాలి ఉంటే అది కాస్టర్. సైకిలు ముందు ఫోర్కు వాలు ఇలాంటిదే. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నేరుగా వచ్చేది ముఖ్యంగా దీనివల్లనే. పైనుంచి చూసినప్పుడు రెండు ముందు చక్రాల ముందు అంచులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే టో ఇన్, ఎడంగా ఉంటే టో అవుట్. కొందరు పాదాలు లోపలికి పెట్టి నడుస్తారు, కొందరు బయటికి పెట్టి నడుస్తారు కదా, అలాగన్నమాట.

స్పోర్ట్స్ కారుకు ఇవి ప్రాణంతో సమానం. వేగంగా మలుపు తిరిగేటప్పుడు కారు ఒళ్లు బయటివైపుకు వాలుతుంది. దానితోపాటు బయటి చక్రం కూడా వాలితే టైరు తన పూర్తి వెడల్పు మీద గాక అంచు మీద నిలబడుతుంది. పట్టు అవసరమైన క్షణంలోనే పట్టు తగ్గుతుంది. అందుకే పోటీ కార్లకు ముందే కొంత నెగటివ్ కాంబర్ పెడతారు. మలుపులో వాలిన తరువాత చక్రం నిటారుగా వస్తుంది. కానీ నేరుగా పోయే రోడ్డు మీద అదే కోణం టైరు లోపలి అంచును అరగదీస్తుంది. ఏ ఉపాయమూ ఉచితంగా రాదు.

నాలుగు అంగుళాల కోత

యుద్ధకాలంలోనే ఇస్సిగోనిస్ ఒక కొత్త చిన్న కారు బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. అదే మోరిస్ మైనర్. అప్పట్లో 16, 17 అంగుళాల చక్రాలు చిన్న కార్లకు మామూలు. ఆయన 14 అంగుళాలే చాలన్నారు. డన్‌లప్ వారు ఆ కొలతకు టైర్లు చేసి ఇచ్చారు. ఇంజనును ముందుకు జరిపి ముందు చక్రాల మీద బరువు పెంచారు. దానితో కారు నేరుగా పోవడంలో స్థిరంగా ఉంది.

అంతా సిద్ధమైనాక ఆయనకు కారు వెడల్పు నచ్చలేదు. ఎత్తుకు తగిన వెడల్పు లేదనిపించింది. నమూనా కారును పొడవునా రెండుగా కోయించి, రెండు సగాలనూ జరిపిస్తూ చూశారు. నాలుగు అంగుళాల ఎడం దగ్గర ఆపమన్నారు. ఆ సరికే బంపర్లు తయారై ఉన్నందున వాటిని మధ్యకు కోసి నాలుగు అంగుళాల ముక్క అతికించారు. మొదటి మైనర్ కార్ల బంపరు నడుమ ఆ అతుకు ఇప్పటికీ చూడవచ్చు. అందం కోసం చేసినట్లు కనిపించినా దాని ఫలితం చక్రాల మధ్య ఎడం పెరగడం. ఎడం పెరిగితే మలుపులో బరువు ఒకే పక్క చక్రాల మీదికి ఒరిగిపోవడం తగ్గుతుంది.

1948 అక్టోబరులో లండను మోటారు ప్రదర్శనలో మైనర్ బయటికి వచ్చింది. కంపెనీ అధిపతి లార్డ్ నఫీల్డ్‌కు దాని రూపం నచ్చలేదు. నడిపినవారికి మాత్రం నచ్చింది. బ్రిటిషు కార్లలో పది లక్షలు దాటిన మొదటి మోడలు అదే. మొత్తం మీద 16 లక్షలకు పైగా తయారయ్యాయి. మన దేశంలో కూడా హిందుస్థాన్ మోటార్స్ వారు దానిని బేబీ హిందుస్థాన్ అనే పేరుతో కొంతకాలం అమ్మారు.

పందొమ్మిది అంగుళాలు, పదిహేను అంగుళాలు

అసలు సిసలైన స్పోర్ట్స్ కారులో చక్రం కొలత ఎంత మార్పు తెస్తుందో చూడాలంటే ఎంజీ కార్లను మించిన ఉదాహరణ లేదు. యుద్ధం తరువాత వచ్చిన ఎంజీ టీసీ అనే రెండు సీట్ల కారుకు 19 అంగుళాల తీగ ఆకుల చక్రాలు ఉండేవి. సన్నగా, ఎత్తుగా, చూడటానికి చాలా సొగసుగా ఉండేవి. ముందు ఇరుసు మాత్రం పాత మొద్దు ఇరుసే. గతుకుల రోడ్డు మీద స్టీరింగు చేతులలో ఎగిరేది.

ఇస్సిగోనిస్, జాక్ డేనియల్స్ కలిసి యుద్ధానికి ముందే మోరిస్ కారు కోసం ఒక సస్పెన్షన్ తయారుచేసి ఉంచారు. కాయిల్ స్ప్రింగులు, విష్‌బోన్లు, ర్యాక్ అండ్ పీనియన్ స్టీరింగుతో కూడినది. అది 1947లో ఎంజీ వై అనే నాలుగు తలుపుల కారులోకి, అక్కడినుంచి 1950 నాటి ఎంజీ టీడీ స్పోర్ట్స్ కారులోకి వచ్చింది. టీడీకి 19 అంగుళాల తీగ చక్రాలు పోయి 15 అంగుళాల రేకు చక్రాలు వచ్చాయి. ఎంజీ అభిమానులు గగ్గోలు పెట్టారు. అందం పోయింది, పౌరుషం పోయిందన్నారు. కానీ కారు కిందికి దిగింది, మలుపులో నిబ్బరంగా నిలిచింది, స్టీరింగు మాట విన్నది. టీసీలు పది వేలు అమ్ముడైతే టీడీలు దాదాపు ముప్పై వేలు అమ్ముడయ్యాయి. ఆ ముందు సస్పెన్షన్ మూలరూపమే ఎంజీఏ, ఎంజీబీ కార్లలో సాగి, ఎంజీబీ తయారీ ఆగిన 1980 వరకు ఉంది. కంటికి సొగసైన చక్రం, రోడ్డుకు తగిన చక్రం ఎప్పుడూ ఒకటే కావు.

పది అంగుళాల సాహసం

1952లో మోరిస్, ఆస్టిన్ కంపెనీలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ఏర్పడింది. ఇస్సిగోనిస్ ఆల్విస్ కంపెనీకి వెళ్లి ఒక పెద్ద కారు రూపొందించారు గానీ డబ్బు చాలక దానిని ఆపివేశారు. అక్కడ ఆయనకు దొరికిన లాభం అలెక్స్ మౌల్టన్ అనే రబ్బరు నిపుణుని స్నేహం. 1955లో తిరిగి పాత గూటికి చేరారు.

1956లో సూయెజ్ కాలువ సంక్షోభం వచ్చింది. ఇంగ్లండులో పెట్రోలుకు రేషను పెట్టారు. 1957 మార్చిలో కంపెనీ అధినేత లెనార్డ్ లార్డ్, తక్కువ పెట్రోలుతో నడిచే అసలైన చిన్న కారు కావాలని ఇస్సిగోనిస్‌ను పిలిచి చెప్పారు. ఉన్న ఇంజనునే వాడాలన్నది ఒక్కటే షరతు. ఇస్సిగోనిస్ పది అడుగుల పొడవు పెట్టుకున్నారు. అందులో నూటికి 80 పాళ్లు మనుషులకు, సామానుకు దక్కాలన్నారు.

అందుకోసం ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టారు. గేర్‌బాక్సును ఇంజను కింద నూనె తొట్టిలోనే అమర్చారు. ముందు చక్రాలే కారును లాగేటట్లు చేశారు. ఇక చక్రాలు. పెద్ద చక్రానికి పెద్ద గూడు కావాలి, ఆ గూడు మనుషుల కాళ్ల జాగా తినేస్తుంది. కనుక 10 అంగుళాల చక్రం కావాలన్నారు. డన్‌లప్ వారు దానికోసం కొత్త టైరు తయారుచేశారు. టైరుతో కలిపి చూసినా చక్రం ఎత్తు సుమారు 20 అంగుళాలే. లెక్క వేసి చూస్తే కిలోమీటరుకు ఇంచుమించు 640 సార్లు తిరగాలి. 15 అంగుళాల చక్రాలున్న మన అంబాసిడర్‌కు 475 తిప్పులు చాలు. ఎక్కువ తిరిగితే టైరు ఎక్కువ వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది. ఆ చిన్న టైరును నిలబెట్టడం రబ్బరు ఇంజనీర్లకు చిన్న పని కాదు.

స్ప్రింగులకు కూడా జాగా లేదు. మౌల్టన్ గారు రబ్బరు శంకువులు ఇచ్చారు. బరువు పెరిగేకొద్దీ గట్టిపడటం ఆ రబ్బరు గుణం. కారు బరువు 600 కిలోలకు అటూఇటూ. నలుగురు ఎక్కితే బరువు దాదాపు సగం పెరుగుతుంది. అలాంటి కారుకు ఈ గుణం బాగా కుదిరింది. నాలుగు చక్రాలనూ నాలుగు మూలల అంచులకు నెట్టడంతో, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 80 అంగుళాల దూరం వచ్చింది. పీట నాలుగు కాళ్లూ కొసలకు ఉంటే ఒరగదు, నడుమకు ఉంటే ఒరుగుతుంది. మినీ ఆ మొదటి రకం పీట.

1959 ఆగస్టు 26న మినీ విడుదలైంది. లోపాలు లేకపోలేదు. మొదటి ఏడాది కార్లలో వాన నీరు నేలమీదికి చేరేది. కంపెనీకి ఒక్కో కారు మీద మిగిలిన లాభం కూడా స్వల్పమే. సీట్లు మెత్తగా ఉండవలసిన పని లేదనీ, డ్రైవరు కాస్త మెలకువగా ఉండాలనీ ఇస్సిగోనిస్ పట్టుదల. ఎదుటివారి మాట సులువుగా వినే మనిషి కాదు.

తలవని తలంపుగా స్పోర్ట్స్ కారు

సామాన్య కుటుంబం కోసం చేసిన కారు రేసుగాళ్ల కారు అవుతుందని ఇస్సిగోనిస్ అనుకోలేదు. ఆ సంగతి కనిపెట్టినవాడు ఆయన పాత మిత్రుడు జాన్ కూపర్. 1959, 1960 సంవత్సరాలలో ఫార్ములా వన్ ప్రపంచ పోటీలు గెలిచిన కార్ల తయారీదారు ఆయన. మినీ మలుపులు తిరిగే తీరు చూసి, బలమైన ఇంజనుతో ఒక రకం చేద్దామన్నారు. ఇస్సిగోనిస్‌కు మొదట ఇష్టం లేకపోయింది. ఇది జనం కారు అన్నారు. కూపర్ పై అధికారి జార్జ్ హారిమన్‌ను ఒప్పించారు. 1961లో మినీ కూపర్ వచ్చింది.

ఇంజను బలం 34 నుంచి 55 అశ్వశక్తికి పెరిగేసరికి మొదట ఎదురైన చిక్కు బ్రేకు. 10 అంగుళాల చక్రం లోపల డిస్కు బ్రేకు పట్టాలి. ఎలాగో 7 అంగుళాల డిస్కు ఇమిడించారు. పెద్ద చక్రం కావాలని స్పోర్ట్స్ కార్లవారు కోరడానికి అసలు కారణం ఇదే. చక్రం పెరిగితే లోపల బ్రేకుకు చోటు పెరుగుతుంది. 1984లో మినీలన్నిటికీ 12 అంగుళాల చక్రాలు పెట్టినప్పుడు డిస్కు 8.4 అంగుళాలకు పెరిగింది.

మినీ అలైన్‌మెంటు కొలతలు మా వంటివారికి చదువుకోదగ్గ పాఠం. ముందు చక్రాలకు టో అవుట్ అంగుళంలో పదహారో వంతు, పాత లెక్కలో చెప్పాలంటే వీసం. వెనక చక్రాలకు టో ఇన్ రెండు వీసాలు. వెనక చక్రాలతో నడిచే కార్లకు ముందువైపు టో ఇన్ పెట్టడం అలవాటైన మెకానిక్కుకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. కారణం ఉంది. వెనకనుంచి తోసే బండిలో ముందు చక్రాలను రోడ్డు వెనక్కి లాగుతుంది, అవి బయటికి తెరుచుకోవాలని చూస్తాయి, కనుక ముందే కాస్త లోపలికి పెడతారు. మినీలో ముందు చక్రాలే లాగుతాయి, లాగేటప్పుడు లోపలికి మూసుకోవాలని చూస్తాయి, కనుక ముందే కాస్త బయటికి పెడతారు. నడిచేటప్పుడు రెండు రకాలూ నేరుగానే వస్తాయి. వెనక చక్రాల టో ఇన్ తోకను అదుపులో ఉంచుతుంది. అది తప్పి టో అవుట్ అయితే వేగంలో తోక ఊగుతుంది. ముందు చక్రాలకు మామూలు కారులో ఒకటి నుంచి మూడు డిగ్రీల పాజిటివ్ కాంబర్ ఉండేది. పోటీలవారు కింది చేతులను కాస్త పొడవువి మార్చి నెగటివ్ కాంబర్ తెచ్చుకునేవారు. కాగితం మందం కొలతలు. కానీ గెలుపు ఓటములు అక్కడే.

1964లో మంచు కొండల మీదుగా సాగే మాంటే కార్లో ర్యాలీలో పాడీ హాప్‌కిర్క్ మినీ కూపర్ ఎస్ కారుతో గెలిచారు. 1965లో టిమో మాకినెన్ గెలిచారు. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే అయినా, ముందు దీపాల ఏర్పాటు నిబంధనకు విరుద్ధమని మూడింటినీ పోటీనుంచి తొలగించారు. 1967లో రౌనో ఆల్టొనెన్ మళ్లీ గెలిచి చూపించారు. వారు ఓడించిన కార్లలో మినీకి ఎన్నోరెట్లు పెద్ద ఇంజన్లు ఉన్నాయి. నేరుగా ఉన్న దారిలో అవి ముందుకు పోయేవి. మలుపుల్లో, మంచు మీద మినీ వాటిని అందుకునేది.

మన ఇంటి కుర్రవాళ్లకు ఒక మాట

ఇదంతా పాత కథ అనుకోవద్దు. ఈనాడు మన ఇళ్లలో కారు కొన్న కుర్రవాళ్లు, మా మనవడితో సహా, మొదట అడిగేది పెద్ద అల్లాయ్ చక్రాల గురించే. వద్దని కొట్టిపారేయను. కొన్ని సంగతులు తెలుసుకుని చేయమంటాను.

చక్రం ఒక అంగుళం పెంచితే టైరు గోడ ఎత్తు అర అంగుళం తగ్గించి, మొత్తం ఎత్తు మారకుండా చూసుకోవాలి. ఎత్తు నూటికి ఐదు పెరిగితే స్పీడోమీటరు 100 చూపినప్పుడు కారు నిజంగా 105లో పోతుంటుంది. గోడ పొట్టిదైతే స్టీరింగుకు వెంటనే స్పందిస్తుంది, నిజమే. కానీ గోతిలో పడినప్పుడు దెబ్బను మెత్తగా తీసుకునే రబ్బరు ఉండదు, అది నేరుగా చక్రం అంచుకు, అక్కడినుంచి బాల్ జాయింట్లకు తగులుతుంది. చక్రం మరీ బయటికి పొడుచుకు వచ్చేటట్లు బిగిస్తే, చక్రం తిరిగే కీలు గీతకూ టైరు నేలను తాకే చోటుకూ దూరం మారుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగవచ్చు, బేరింగుల మీద భారం పెరుగుతుంది. చక్రాలు మార్చినా, పెద్ద గోతిలో పడినా అలైన్‌మెంటు చూపించాలి. టైరు ఒక అంచునే అరుగుతుంటే అది కారు మనకు వ్రాసిన ఉత్తరం అనుకోవాలి.

2001లో జర్మనీ కంపెనీ బీఎండబ్ల్యూ కొత్త మినీ తెచ్చినప్పుడు 15 అంగుళాలకు తక్కువ చక్రం పెట్టలేదు. అందులో తప్పులేదు. ఆ కారు బరువు, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ ఆ చక్రానికి తగినట్లే మొదటినుంచీ గీశారు. ఇస్సిగోనిస్ 10 అంగుళాలకు కారును గీశారు, వారు 15కు గీశారు. కారు ఒక కొలతకు, చక్రం ఒక కొలతకు అయినప్పుడే ప్రమాదం.

పదవీ విరమణ

1961లో ఇస్సిగోనిస్ కంపెనీ సాంకేతిక డైరెక్టరు అయ్యారు. 1967లో రాయల్ సొసైటీ వారు సభ్యత్వమిచ్చారు. గణితంలో మూడుసార్లు తప్పిన మనిషికి అది న్యూటన్ కూర్చున్న సభలో చోటు. 1969లో సర్ బిరుదు వచ్చింది. కానీ 1968లోనే కంపెనీ మరొక కంపెనీతో కలిసి బ్రిటిష్ లేలాండ్ అయింది. కొత్త యాజమాన్యం ఆయనను పెద్ద పేరున్న చిన్న కుర్చీలో కూర్చోబెట్టింది. మినీ స్థానంలో రావలసిన ఇంకా చిన్న, ఇంకా తేలిక కారును ఆయన సిద్ధం చేస్తుండగా ఆ పని పక్కన పెట్టేశారు.

1971లో పదవీ విరమణ చేశారు. వీడ్కోలు సభలో సహోద్యోగులు ఆయనకు ఇచ్చిన కానుక మెకానో అనే ఇనుప పట్టీల ఆటవస్తువుల పెట్టె. ఆ కంపెనీ చేసే వాటిలోకెల్లా పెద్దది. శాలువాలు, గడియారాలు అందుకున్న మనకు ఆ కానుక వింతగా తోచవచ్చు. ఆ మనిషిని బాగా ఎరిగినవారు ఇచ్చిన కానుక అది.

ఆ తరువాత కూడా ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. కంపెనీ సలహాదారుగా 1987 వరకు కొనసాగారు. బర్మింగ్‌హామ్‌లోని ఇంట్లో ఆవిరి రైలింజను నమూనాలతో కాలక్షేపం చేస్తూనే, గేర్లే లేని మినీ కోసం పాటుపడ్డారు. అది అమ్మకానికి రాలేదు. 1988 అక్టోబరు 2న, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మినీ ఆయన తరువాత కూడా పన్నెండేళ్లు తయారైంది. 2000 అక్టోబరులో ఆపేనాటికి మొత్తం 53 లక్షలు దాటాయి. 1999లో శతాబ్దపు కారు ఎంపికలో ఫోర్డ్ మోడల్ టీ తరువాత రెండవ స్థానం మినీదే.

ఊరు పోయింది, తండ్రి పోయాడు, పరీక్ష పోయింది, చివరకు కంపెనీలో అధికారమూ పోయింది. ఆయన చేతిలోని పెన్సిలు మాత్రం పోలేదు. పదవి దిగినవారికి ఇంతకంటే ధైర్యం చెప్పే జీవితం నాకు తెలియదు. మన వాహనాల టైర్లలో గాలి సరిచూసుకుని, చక్రాలు సరైన కోణంలో ఉంచుకుని, అందరం క్షేమంగా తిరుగుదామని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.